మిషన్ మీద మెరుపు దారం: ఏ రకం, ఏ సూది, ఏ దారి

మెరుపు దారం రీలు చేతిలోకి తీసుకోగానే చూపు రంగు మీదే ఆగుతుంది. బంగారమా, వెండా, రాగి ఛాయా అని. మిషన్ మీద కుట్టేవాళ్లు మాత్రం అంతకంటే ముందు ఇంకొకటి తేల్చుకోవాలి. ఆ దారం బట్ట మీదకు ఏ దారిన రావాలి? సూది బెజ్జం గుండా పైనుంచి రావచ్చు. కింది దారం చుట్టి పెట్టే బాబిన్‌లోంచి కిందనుంచి రావచ్చు. ఎక్కడా దూరకుండా బట్ట మీద పరుచుకుంటే, వేరే సన్న దారంతో దాన్ని పట్టి కుట్టవచ్చు. ఈ మూడింట్లో మీ పనికి ఏది సరిపోతుందో తేలితే దారం రకం, మందం, సూది నంబరు వాటి వెనకే తేలిపోతాయి. నచ్చిన రీలు ముందు కొని, తర్వాత మిషన్‌ను దానికి లొంగదీయాలని చూస్తే మాత్రం దారం ఎక్కించుకోవడానికే సగం పొద్దు పోతుంది.

దారంలో ఏముందో ముందు చూడాలి

మిషన్ కోసం అమ్మే మెరుపు దారాల్లో చాలావాటిలో లోహపు తీగ ఉండదు. మెరిసేది పాలియెస్టర్ ఫిల్మ్. దాని మీద అల్యూమినియాన్ని అతి పలుచని పూతగా ఎక్కించి, సన్నటి రేకులుగా కోస్తారు. అసలైన నేత జరీ ఇలాంటిది కాదు. అందులో పట్టు పోగు చుట్టూ నలగ్గొట్టిన వెండి తీగను చుట్టి, బంగారు పూత వేస్తారు. అది మగ్గానికీ చేతి పనికీ తగిన దారం. మిషన్ సూదిలోంచి దాన్ని పంపాలని చూడకండి. వాడాలనిపిస్తే బట్ట మీద పరిచి కుట్టడమే మార్గం.

మిషన్ దారాల్లో ఆ ఫిల్మ్ రేకును ఏం చేశారన్న దాన్నిబట్టి రకాలు ఏర్పడ్డాయి.

అందరికీ ఎక్కువగా దొరికేది గుండ్రటి చుట్టు దారం. మధ్యలో నైలాన్ లేదా పాలియెస్టర్ పోగు, దాని చుట్టూ రేకు. సాధారణంగా 40 నంబరు మందంలో వస్తుంది. మెరుపు మెత్తగా, నిండుగా ఉంటుంది. మలుపులు తిరుగుతుంది, వంపుల్లో ఒదుగుతుంది. మొదటిసారి మెరుపు దారంతో కుట్టేవాళ్లకు నేను చెప్పేది ఇదే, రెండో మాట లేదు. అయితే ఈ రకంలోనే నాణ్యతలో తేడాలు చాలా ఎక్కువ. మూరెడు దారం లాగి, చివర వదిలి వేలాడనివ్వండి. మెత్తగా కిందికి జారితే మంచిది. స్ప్రింగులా చుట్టలు చుట్టుకుంటే అది మిషన్‌లోనూ అలాగే చుట్టుకుంటుంది. తర్వాత గోటితో దారం పొడవునా ఒకసారి నిమరండి. రేకు జరిగి లోపలి పోగు బయటపడితే ఆ రీలును బహుమతుల ప్యాకింగుకు ఉంచుకోండి, సూదికి వద్దు.

రెండోది చదును రేకు దారం. సల్కీ వాళ్ల స్లివర్, సుపీరియర్ వాళ్ల గ్లిట్టర్ ఈ కోవలోవి. ఇందులో రేకును పోగు చుట్టూ తిప్పరు, రేకే దారం. వెడల్పు ముఖం ఉంటుంది కాబట్టి అద్దంలా మెరుస్తుంది. గుండ్రటి దారం ఎంత మంచిదైనా ఆ తళుకు ఇవ్వలేదు. కానీ దీనికి పురి అంటే పడదు. క్యాసెట్ టేపు మెలిపడితే ఎలా అవుతుందో ఇదీ అలాగే అయి, మెలి పడ్డ చోటే తెగుతుంది. పొడవాటి నిటారు గీతలకూ, పెద్ద వంపులకూ ఇది బాగుంటుంది. చిన్న చిన్న చుట్టలకు వద్దు.

మూడోది మెలివేసిన గరుకు దారం. మదీరా వాళ్ల సూపర్‌ట్విస్ట్ అలాంటిది. రేకును నైలాన్ పోగులతో కలిపి పురి పెట్టడం వల్ల మెరుపు ముక్కలు ముక్కలుగా, చుక్కలు చల్లినట్టు కనిపిస్తుంది. మంచు, నక్షత్రాలు, నీటి మీద వెలుగు వంటివాటికి దీని అందం దీనిదే. తాకితే గరుగ్గా ఉంటుంది. సన్న బెజ్జంలో గీసుకుంటుంది.

ఇవి కాక జడలా అల్లిన మందపాటి దారాలు, తాళ్లలాంటివి ఉన్నాయి. ఇవి బాబిన్‌కో, పరిచి కుట్టడానికో తగినవి. కొనేటప్పుడు నంబర్ల దగ్గర జాగ్రత్త. మామూలు మిషన్ దారాల్లో నంబరు పెరిగితే దారం సన్నబడుతుంది. 30 కంటే 40 సన్నం, 40 కంటే 60 సన్నం. క్రైనిక్ కంపెనీ అల్లిక దారాల్లో లెక్క తిరగబడుతుంది. 4 చాలా సన్నం, 8 కొంచెం మందం, 16 ఇంకా మందం, 32 బాగా మందం.

పైనుంచా, కిందనుంచా, పరిచా?

సూదిలోంచి వెళ్లే దారానికి ఏం జరుగుతుందో తెలిస్తే మిగతా సలహాలన్నీ ఎందుకు చెబుతున్నారో అర్థమవుతుంది. ఒక్కో కుట్టుకు బట్టలో నిలిచిపోయే దారం కొన్ని మిల్లీమీటర్లే. కానీ ప్రతి కుట్టుకూ కింది కొక్కెం ఆ దారాన్ని పెద్ద ఉచ్చుగా లాగి బాబిన్ చుట్టూ తిప్పుతుంది. వెంటనే పైనున్న లివర్ దాన్ని వెనక్కి లాగేస్తుంది. కాబట్టి దారంలో ఏ చోటైనా బట్టలో కుదురుకునేలోపు బెజ్జం గుండా ఎన్నోసార్లు కిందికీ పైకీ తిరుగుతుంది. నూలు దారానికీ మామూలు పాలియెస్టర్‌కూ ఇదొక పెద్ద విషయం కాదు. రేకు చుట్టిన దారానికి ప్రతి రాకపోకా ఒక గీకుడే. కుట్టు పొడవు పెంచితే ఈ రాకపోకలు తగ్గుతాయి. అందుకే మెరుపు దారానికి 3 నుంచి 3.5 మిల్లీమీటర్ల కుట్టు బాగుంటుంది. పైగా పొడవు కుట్టు మీద వెలుతురు ఎక్కువ పడుతుంది, మెరుపూ ఎక్కువ కనిపిస్తుంది.

బాబిన్‌లోని దారానికి ఈ బాధ లేదు. బాబిన్ కూర్చునే కేసు స్ప్రింగు కిందనుంచి ఒక్కసారి జారి, బట్టలోకి చేరిపోతుంది. బెజ్జంలో పట్టని మందపాటి దారాన్ని కూడా ఇలా కుట్టవచ్చు. బట్టను తిరగేసి, వెనక వైపు పైకి పెట్టి కుడితే మెరుపు ముందువైపు వస్తుంది. దీనికోసం ఇంకో బాబిన్ కేసు విడిగా కొనుక్కోవడం మంచిది. మామూలు కుట్టుకు అమర్చుకున్న కేసు స్క్రూను కదపకుండా ఉంచుకోవచ్చు. రెండో కేసు స్క్రూను పావు తిప్పు చొప్పున వదులు చేస్తూ, దారం ఆగకుండా జారేంత వరకు తీసుకురావాలి. కింద ఒక పళ్లెం పెట్టుకోండి, ఆ స్క్రూ జారితే దొరకదు. బాబిన్‌కు దారాన్ని చేత్తో కానీ, బాగా నెమ్మదిగా మిషన్‌తో కానీ చుట్టాలి. గట్టిగా లాగి చుడితే రేకు సాగిపోతుంది.

బాబిన్ దారిలో ఇబ్బంది ఏమిటంటే, కుట్టేటప్పుడు అసలు ముఖం కనిపించదు. డిజైన్‌ను వెనక వైపు గీసుకోవాలి, అక్షరాలైతే తిరగేసి గీయాలి. మందపాటి దారం బాబిన్‌లో కొద్దిగానే పడుతుంది, గీత మధ్యలో అయిపోవచ్చు. అందుకని ఒక్కో బాబిన్‌తో ఎంత దూరం వస్తుందో ముందే చూసుకుని, మలుపు దగ్గరో, గీత ఆగే చోటో ముగిసేలా పని పంచుకోవాలి.

మూడో దారి సులువైనది. తాడులాంటి మెరుపు దారాన్ని గీత మీద పరుస్తూ, దాని మీదుగా జిగ్‌జాగ్ వేయడం. జిగ్‌జాగ్ వెడల్పు దారం మందాన్ని కాస్త దాటితే చాలు. పట్టే దారం కంటికి కనిపించని పారదర్శక నైలాన్ కావచ్చు, లేదా అదే రంగు సన్న పాలియెస్టర్ కావచ్చు. మధ్యలో రంధ్రమో గాడో ఉన్న ఫుట్ (బట్టను నొక్కి పట్టే పాదం) దొరికితే దారం దానంతటదే మధ్యలో నడుస్తుంది. మూడు పొరల మీదుగా వేస్తే క్విల్టింగ్ (బొంత పొరల్ని కలిపి కుట్టడం) కూడా అయిపోతుంది. పదునైన మూల వస్తే సూది బట్టలో దింపి ఆగి, ఫుట్ ఎత్తి, దారాన్ని మడిచి, మళ్లీ మొదలుపెట్టాలి.

మరి ఎంపిక? బొంత అంతా పరుచుకునే సన్నటి గీతలైతే సూది దారి. నాలుగైదు దిట్టమైన గీతలు చాలనుకుంటే బాబిన్. ఒకే ఒక అంచు, లేదా ఒక పువ్వు చుట్టూ గీత తాడులా ఉబికి కనిపించాలంటే పరిచి కుట్టడం. నా అభిరుచి చెప్పాలంటే, మందపాటి గీత కావాలనుకున్నవాళ్లు 30 నంబరు గరుకు దారాన్ని సూదిలో ఇరికించే బదులు బాబిన్‌కు వెళ్లడమే మేలు. ఫలితం ఎంతో శుభ్రంగా ఉంటుంది.

సూది

మూడు రకాలు పోటీలో ఉంటాయి. మెటాలిక్ సూది, టాప్‌స్టిచ్ సూది, ఎంబ్రాయిడరీ సూది. ఇంట్లో మామూలుగా వాడే యూనివర్సల్ సూది ఈ పనికి వద్దు. దాని బెజ్జం చిన్నది, రేకును చివుక్కున గీరేస్తుంది.

మెటాలిక్ సూదిలో బెజ్జం పొడవుగా ఉంటుంది. దారం నడిచే గాడి కూడా పెద్దది. ష్మెట్జ్ వాళ్లవి 80, 90 నంబర్లలో వస్తాయి. సన్న బట్ట, ఒకే పొర, ఎంబ్రాయిడరీ అయితే 80 మెటాలిక్ సూది చక్కగా పనిచేస్తుంది. టాప్‌స్టిచ్ సూదికి కూడా పెద్ద బెజ్జం, లోతైన గాడి ఉంటాయి, పైగా అది 100, 110 వరకు దొరుకుతుంది. నంబరు అంటే సూది కాడ మందమే. 90 అంటే 0.9 మిల్లీమీటర్లు. పైబట్ట, బ్యాటింగ్ (మధ్యలోని మెత్తటి పొర), వెనక బట్ట అనే మూడు పొరలను గుచ్చేటప్పుడు సన్న సూది వంగుతుంది, వంగిన సూది దారాన్ని తెంపుతుంది. సూది చేసే రంధ్రం కాస్త పెద్దదైతే మెరుపు దారం బట్టకు రాసుకోకుండా జారుతుంది. అందుకే క్విల్టింగుకు నా మొదటి ఎంపిక 90 టాప్‌స్టిచ్. గరుకు దారమైతే 100. టైటానియం పూత ఉన్నవి దొరికితే ఎక్కువ కాలం నునుపుగా ఉంటాయి, కొంచెం ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

ఎంబ్రాయిడరీ సూది ఈ రెంటికీ తర్వాతే. దాని బెజ్జం మామూలు సూది కంటే పెద్దదే. ఇప్పటికే పెట్టెలో ఉంటే మృదువైన గుండ్రటి దారంతో ప్రయత్నించవచ్చు. ప్రత్యేకంగా కొనేటట్టయితే మాత్రం టాప్‌స్టిచ్‌నే తీసుకోండి, మందపాటి నూలు దారాలకూ అదే పనికొస్తుంది.

ఏ సూదైనా కొత్తది పెట్టి మొదలుపెట్టాలి. చూపుకు తెలియని గీత ఒక్కటి బెజ్జంలో ఉన్నా రేకు లేచిపోతుంది.

కింద ఏ దారం?

మెరుపు దారం పైన ఉంటే కింద కూడా అదే పెట్టాలనుకుంటారు కొందరు. వద్దు. రెండు గరుకు దారాలు ఒకదాన్నొకటి పట్టుకుని లాగుతాయి. కింద నునుపుగా, సన్నగా ఉన్నది కావాలి. 60 నంబరు పాలియెస్టర్ అన్నిటికంటే నమ్మకమైనది. సన్న పట్టు దారం కూడా బాగా జారుతుంది, ధర భరించగలిగితే. నూలుకు నూగు ఉంటుంది, అది పైదారాన్ని పట్టేస్తుంది. వెనక బట్ట రంగుకు సరిపోయే 50 నంబరు సన్న నూలు తప్ప వేరేది లేకపోతే పై టెన్షన్ (పైదారాన్ని మిషన్ పట్టే బిగువు) ఇంకాస్త తగ్గించి చూడవచ్చు.

పైదారం రంగుకు దగ్గరగా ఉన్న బాబిన్ దారం ఎంచుకుంటే, కుట్టు దగ్గర చుక్క పైకి కనిపించినా కంటికి తగలదు. బంగారు దారం కింద పసుపు లేదా లేత గోధుమ, వెండి కింద బూడిద రంగు.

రీలు నిలబెట్టాలా, పడుకోబెట్టాలా?

దారం తెగడానికి చాలామంది టెన్షన్‌నే కారణమనుకుంటారు. రీలు ఎలా పెట్టారన్నది అంతకంటే ముందు చూడాలి. రీలు కదలకుండా ఉండి దారం దాని తల మీదుగా లేస్తే, ఒక్కో చుట్టుకు ఒక్కో పురి దారంలోకి చేరుతుంది. రీలే తిరుగుతూ దారం పక్కనుంచి వస్తే పురి చేరదు. చదును రేకు దారానికి నిలువు కడ్డీ తప్పనిసరి, రీలు తిరగాల్సిందే. గుండ్రటి దారం చిన్న రీలుకూ నిలువు కడ్డీయే మేలు. పెద్ద కోన్ అయితే తిరగదు కాబట్టి విడి స్టాండు కావాలి. దాన్ని మిషన్‌కు కొంచెం దూరంగా పెట్టండి. దారం ఆ దూరం ప్రయాణించేలోపు రీలు మీది వంపులు సర్దుకుంటాయి.

నిలువు కడ్డీ లేని మిషన్లు చాలా ఉన్నాయి. వాటికి విడి స్టాండు కొనడం, మెరుపు దారం మీద పెట్టే ఖర్చుల్లో అన్నిటికంటే ప్రయోజనం ఉన్నది అని నా అభిప్రాయం.

క్విల్టింగ్‌లో: వాకింగ్ ఫుట్‌తోనా, స్వేచ్ఛగానా?

పొరలన్నిటినీ కలిపి ముందుకు నడిపే వాకింగ్ ఫుట్‌తో నిటారు గీతలు, గళ్లు, పెద్ద వంపులు వేసేటప్పుడు దారం ఒకే దిశలో, ఒకే లాగుడుతో నడుస్తుంది. చదును దారం కూడా ఇక్కడ బుద్ధిగా ఉంటుంది. కొత్తవాళ్లకు ఇదే సరైన మొదలు.

చేత్తో బట్ట తిప్పుతూ వేసే ఫ్రీ మోషన్‌లో పరిస్థితి మారిపోతుంది. బట్టను కుట్టేవాళ్ల వైపు లాగినప్పుడు ఒక రకంగా, వెనక్కి నెట్టినప్పుడు ఒక రకంగా, పక్కకు జరిపినప్పుడు ఇంకో రకంగా దారం మీద లాగుడు పడుతుంది. చేయి తొందరపడితే సూది వంగుతుంది. గుండ్రటి దారంతో, మెల్లగా, గుండ్రటి మలుపులున్న డిజైన్లతో చేస్తే చాలా అందంగా వస్తుంది. ఈకలు, అలలు, ఆకారం చుట్టూ ప్రతిధ్వనిలా సాగే గీతలు అనువైనవి. గులకరాళ్లలా చిన్న చిన్న సున్నాలు కిక్కిరిసేవి మామూలు దారానికి వదిలేయండి. చిన్న కుట్లు, ఒకే చోట మళ్లీ మళ్లీ తిరగడం రేకును చంపేస్తాయి, పైగా అంత దట్టంగా వేశాక మెరుపు కూడా మసకబారినట్టు ఉంటుంది.

బట్ట విషయంలోనూ తేడా ఉంది. బాతిక్ లాంటి బిగుతు నేతలో సూది దూరడమే కష్టం, దారం ఒరుసుకుంటుంది. కొంచెం వదులు నేత నూలు బట్ట తేలిక. పొరల్ని జిగురు స్ప్రేతోనో, ఇస్త్రీతో అంటుకునే జాలీతోనో కలిపితే ఆ జిగురు సూదికి పట్టి దారాన్ని ఆపుతుంది. మెరుపు దారం వాడే భాగంలో పిన్నులతోనో పొడవాటి కచ్చా కుట్లతోనో పొరలు పట్టుకోవడం మంచిది.

కంప్యూటర్ ఎంబ్రాయిడరీకైతే మెరుపు దారం కోసం తయారుచేసిన, కుట్లు పలుచగా ఉన్న డిజైన్లే ఎంచుకోండి. దట్టంగా నింపే శాటిన్ డిజైన్‌లో నింపుడు మామూలు దారంతో వేసి, చివరి గీతలకు మాత్రం మెరుపు పెట్టుకుంటే పని సాఫీగా పోతుంది.

మెరుపు దారం వద్దనుకోవాల్సిన చోట్లు

పసిపిల్లల బొంతలకు, రోజూ కప్పుకుని తరచూ ఉతికే వాటికి దీన్ని వాడకండి. రేకు కొసలు ఒంటికి గుచ్చుకుంటాయి, ఉతికేకొద్దీ చిట్లుతాయి. అలాంటి చోట త్రికోణపు కోత ఉన్న పాలియెస్టర్ ఎంబ్రాయిడరీ దారం ఎంతో నయం. దాని పోగులు మూడు ముఖాలుగా ఉండటం వల్ల వెలుతురును బాగా తిప్పికొడతాయి. ముదురు బట్ట మీద పసుపు, తేనె రంగు ఛాయలు కొంచెం దూరం నుంచి బంగారంలానే కనిపిస్తాయి. మామూలు టెన్షన్‌కు దగ్గరగానే నడుస్తుంది, ఉతుకును తట్టుకుంటుంది. గోడకు వేలాడదీసేవి, పండుగ పూట పరిచేవి, దిండు మధ్యలో ఒక అలంకారం వంటివాటికే అసలు మెరుపు దారాన్ని దాచుకోండి.

కుట్టే ముందు, కుట్టాక

అసలు పనిలో వాడే పొరలతోనే చిన్న ముక్క చేసుకుని మొదలుపెట్టండి. పై టెన్షన్ డయల్ సాధారణంగా 4 దగ్గర ఉంటే 2కు తగ్గించండి, అవసరమైతే 1కి. సూదికి సరిగ్గా పైనున్న చివరి కొక్కేనికి దారం తగిలించకుండా వదిలేస్తే ఒక రాపిడి తగ్గుతుంది. వేగం సగం. సూదిలో దారం ఎక్కించడానికి మిషన్‌లోని ఆటోమేటిక్ సాధనం కాకుండా చేతినే వాడండి, ఆ సన్న కొక్కెం రేకును చీలుస్తుంది.

అయినా తెగుతుంటే ఎక్కడ తెగుతోందో చూడండి. సూది పైన రేకు కుప్పగా పోగుపడి లోపలి పోగు బయటపడితే బెజ్జం చిన్నదైనా అయ్యుండాలి, సూది అరిగిపోయైనా ఉండాలి. టెన్షన్ పళ్లేల (దారాన్ని బిగువుగా పట్టే బిళ్లలు) కంటే పైన, మెలి పడ్డ చోట తెగితే రీలు పెట్టిన తీరు మార్చండి. బట్ట దగ్గరే పుటుక్కుమంటే టెన్షన్ ఇంకా ఎక్కువగా ఉంది. కింద దారం గూడు కడితే మాత్రం టెన్షన్ మరీ తగ్గించేశారు, లేదా పైదారం పళ్లేల మధ్య కూర్చోలేదు.

గీత మొదట్లో, చివర్లో అక్కడికక్కడే ముందుకూ వెనక్కీ కుట్టి బిగించకండి, రేకు నలిగిపోతుంది. పొడవాటి కొసలు వదిలి, రెండింటినీ వెనక్కి లాగి ముడి వేసి, పెద్ద బెజ్జమున్న చేతిసూదితో పొరల మధ్యకు దాచేయండి. రీలు మారుస్తున్నప్పుడు దారాన్ని రీలు దగ్గరే కత్తిరించి, మిగిలిన ముక్కను సూది వైపు నుంచి బయటికి లాగండి. వెనక్కి లాగితే ఊడిన రేకు ముక్కలు టెన్షన్ పళ్లేల్లో ఇరుక్కుంటాయి.

పనయ్యాక ఇస్త్రీ తక్కువ వేడిలో, వెనక వైపు నుంచి, మధ్యలో పలుచటి బట్ట వేసి చేయాలి. వేడి ఎక్కువైతే ఫిల్మ్ ముడుచుకుపోతుంది, మళ్లీ సాగదు. ఉతకాల్సి వస్తే చల్లటి నీళ్లు, మెత్తటి సబ్బు వాడండి, పిండకుండా నీడన ఆరేయండి. బ్లీచ్ దగ్గరికి రానివ్వకండి, లోపలి అల్యూమినియం పూత పాడవుతుంది. బొంతను మడతపెట్టి దాచే బదులు గొట్టానికి చుట్టి ఉంచితే మడత గీత దగ్గర రేకు విరగదు.